గడప దగ్గర ఆగిన అడుగు

పుట్టిన ఏడాదికల్లా నడక నేర్చుకుంటాం. ఆ తర్వాత జీవితమంతా నడుస్తూనే ఉంటాం, ఎలా నడుస్తున్నామో మాత్రం ఒక్కసారీ ఆలోచించం. అలా ఆలోచించాల్సి వచ్చిన రోజే కష్టం మొదలవుతుంది. ఆ కష్టానికి మందు వెతికేవాళ్లు డాక్టర్లు. ఆ కష్టాన్ని కొలిచేవాళ్లు, లెక్కగట్టేవాళ్లు, కంప్యూటర్లో మళ్లీ సృష్టించి చూసేవాళ్లు మరికొందరున్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు!

మైలవరం చుట్టుపక్కల మామిడితోటల మధ్య ఏ ఇల్లయినా అనుకోండి. పొద్దున్నే కాఫీ తాగి వరండాలోకి వద్దామని లేచారు తాతయ్య. హాల్లో నాలుగడుగులు బాగానే వేశారు. గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. పైన ఒళ్లు ముందుకు వంగుతోంది, కాలు మాత్రం కదలదు. ‘‘అడుగెయ్యండి మావయ్యగారూ...’’ అంటుంది కోడలు. వెయ్యాలనే ఆయనకూ ఉంది. ‘‘నిన్న మేడమెట్లు చకచకా ఎక్కారుగా, ఇవాళ ఈ గడప దాటలేరా?’’ అని కొడుకు విసుక్కుంటాడు. ఆయన తలొంచుకుంటారు. మొండితనమనో, వయసు మీదపడిందనో ఇంట్లో అందరూ అనుకుంటారు.

నిజానికి అది మొండితనమూ కాదు, కేవలం వయసూ కాదు. పార్కిన్సన్స్ జబ్బులో తరచూ కనిపించే లక్షణం. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. ఇరుకు తలుపుల దగ్గర, గడపల దగ్గర, వెనక్కి తిరిగేటప్పుడు ఎక్కువ. మెట్లు ఎక్కగలిగిన మనిషి గడప దాటలేకపోవడంలో వింతేమీ లేదు. ఉన్న వింతంతా మెదడులో ఉంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారు. అంటే ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు.

ఒక్క అడుగు వెనక...

అడుగు వెయ్యడమంటే ఏముంది, కాలెత్తి ముందు పెట్టడమేగా అనిపిస్తుంది. ఒకసారి నిలబడి నెమ్మదిగా వేసి చూడండి. ముందు ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి పోవాలి. అప్పుడు కుడికాలు గాల్లోకి లేవాలి. ఆ క్షణంలో మనిషి ముందుకు పడిపోతుంటాడు. నేలకి తగిలేలోపు కుడికాలు వెళ్లి ఆపాలి. అంటే నడక అనేది పడిపోతూ పడిపోతూ ఆపుకోవడమే! ఇదంతా సెకనులో సగం కాలంలో జరిగిపోతుంది. కాళ్లు లయగా కదిలే ఏర్పాటు వెన్నుపాములోనే ఉంది. ఎప్పుడు మొదలెట్టాలి, ఎంత పెద్ద అడుగు, ఎక్కడ ఆగాలి... ఇవి మాత్రం మెదడు చెప్పాలి.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని అంచనా. వాటిలో దాదాపు 6,900 కోట్లు తల వెనకభాగంలో ఉన్న చిన్నమెదడులోనే ఉన్నాయి. కదలికలో పొరపాటు వస్తే అప్పటికప్పుడు సరిచేయడం దాని పని. ఇంకో కీలకమైన భాగం మెదడు లోతుల్లో ఉంటుంది. పేరు బేసల్ గాంగ్లియా. చేయగలిగిన వంద పనుల్లో ఇప్పుడు ఏది చేయాలి, ఎంత జోరుగా చేయాలి అన్నది తేల్చడంలో దానిది పెద్దపాత్ర. అలవాటైన పనులు ఆలోచించకుండా జరిగిపోవడం కూడా దాని చలవే.

మన కూచిపూడి తరంగమే చూడండి. కళాకారిణి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి, తాళం తప్పకుండా వేదికంతా తిరుగుతుంది. నేర్చుకునే రోజుల్లో ప్రతి కదలికా ఆలోచించి చేసిందే. ఏళ్ల సాధన తర్వాత పాదం సంగతి పాదమే చూసుకుంటుంది, ఆమె మనసు అభినయం మీద ఉంటుంది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది సరిగ్గా ఈ ‘దానంతట అదే జరిగిపోయే’ గుణమే. అరవై ఏళ్లుగా నడుస్తున్న మనిషి మళ్లీ ప్రతి అడుగూ ఆలోచించి వేయాల్సి వస్తుంది.

సుత్తి చెప్పిన రహస్యం

కదలికను కొలవాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు పరుగెత్తే గుర్రాన్ని వరస కెమెరాలతో ఫొటోలు తీసి, ఒక దశలో నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయని చూపించాడు. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేశాడు. సుత్తితో కొట్టే పనివాళ్ల చేతుల మీద చిన్న చిన్న బల్బులు కట్టి, ఆ వెలుగుల దారిని ఫొటోలు తీశాడు.

అనుభవమున్న పనివాడి సుత్తి ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట పడుతుంది. కాబట్టి చెయ్యి కూడా ప్రతిసారీ ఒకేలా కదులుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అలా లేదు! భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకీ కొంచెం వేరుగా కదిలాయి. ఒకటి తప్పితే మరొకటి సర్దుకుని, చివరికి దెబ్బ మాత్రం గురి తప్పలేదు. అంటే మెదడు ఒకే కదలికను గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ చేయడం లేదు. ప్రతిసారీ లెక్కను కొత్తగా చేసి అదే జవాబు తెస్తోంది. కొండపల్లి బొమ్మల కళాకారుడు పొణికి చెక్క మీద ఉలి ఆడించినా ఇదే లెక్క. ఈ లెక్క ఎలా చేస్తోందన్నదే మానవ కదలికల శాస్త్రంలో అసలు ప్రశ్న.

ఆ బల్బుల స్థానంలో ఇప్పుడు ఒంటికి అంటించే చిన్న మెరుపుబిళ్లలు వచ్చాయి. వాటిని చుట్టూ ఉన్న కెమెరాలు సెకనుకు వందసార్లకు పైగా చూస్తాయి. నేలలో అమర్చిన పలకలు పాదం ఎంత బరువుతో ఎటు నొక్కిందో చెబుతాయి. కండరాల్లోని విద్యుత్తును, తలమీది తీగలతో మెదడు తరంగాలను కూడా అదే సమయంలో నమోదు చేస్తారు. ఒక మనిషి పది అడుగులు నడిస్తే చాలు, నెలరోజులు కూర్చుని విప్పాల్సినంత సమాచారం వచ్చిపడుతుంది!

సర్పగంధి ఆపింది... దూలగొండి కదిలించింది

ఈ జబ్బుకు పేరు ఇచ్చిన జేమ్స్ పార్కిన్సన్ లండన్ వైద్యుడు. 1817లో ‘వణుకు పక్షవాతం’ గురించి చిన్న పుస్తకం రాశాడు. అందులో ఉన్నది ఆరుగురి కథే. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూసి గమనించాడు. ఏ యంత్రమూ లేకుండా, కేవలం నడకను చూసి ఒక జబ్బును గుర్తుపట్టాడన్నమాట.

అయితే మెదడులో ఏం తక్కువైందో తెలియడానికి మరో నూట నలభై ఏళ్లు పట్టింది. ఆ కథలో మన మొక్కలు రెండున్నాయి. ఒకటి సర్పగంధి. దాని నుంచి తీసిన రిసర్పిన్ అనే మందును 1950లలో రక్తపోటుకు, మానసిక జబ్బులకు వాడేవారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్లకిచ్చాడు. అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. తర్వాత ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించాడు. కాసేపట్లోనే లేచి గెంతడం మొదలెట్టాయి! ఎల్-డోపా మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుంది. కదలికకు డోపమిన్ ఎంత ముఖ్యమో అలా తేలింది. ఆ పరిశోధనకు 2000 సంవత్సరంలో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నారు.

రెండో మొక్క మన చేలగట్ల మీద, కంచెల మీద పాకే దూలగొండి. పొరపాటున తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ తీగ గింజల్లో ఎల్-డోపా ఉంటుంది. కార్ల్‌సన్ కుందేళ్ల ప్రయోగానికి ఇరవై ఏళ్ల ముందే, 1937లో, మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని వేరుచేసి చూపించారు. అది ఏ జబ్బుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ బృందం పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, డోపమిన్ బాగా తగ్గిపోయిందని కనిపెట్టింది. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ డోపాను కొద్దికొద్దిగా పెంచుతూ పెద్ద మోతాదులో ఇచ్చి రోగులను నడిపించగలిగాడు. ఇప్పటికీ ఈ జబ్బుకు ప్రధానమైన మందు ఎల్-డోపానే.

దూలగొండి గింజల పొడిమీద మన దేశంలో నాలుగు కేంద్రాల్లో 60 మంది రోగులతో జరిగిన పరిశీలన 1995లో అచ్చయింది. లండన్‌లో 8 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. మామూలు మాత్రకన్నా ఆ పొడి త్వరగా పనిచేసిందని అందులో తేలింది. అలాగని గట్టుమీది గింజలు కోసుకొచ్చి నూరుకోమని కాదు! ఏ గింజలో మందు ఎంత ఉంటుందో తెలియదు. అసలు మందుతో కలిస్తే మోతాదు మించి ప్రమాదం. వైద్యుడికి చెప్పకుండా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

గీత గీస్తే నడిచారు!

ఇక్కడో చిత్రం ఉంది. గడప దగ్గర బిగుసుకుపోయిన మనిషి ముందు నేలమీద అడ్డంగా ఒక గీత గీయండి. ‘‘దాన్ని దాటండి’’ అనండి. చాలామంది దాటేస్తారు. ఇంగ్లండ్ వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే ఈ సంగతి రాశారు. మెట్లు ఎక్కగలగడంలోని కిటుకూ ఇదే. ప్రతి మెట్టూ ఒక గీతే. చదునైన నేల మీద కాలు ఎక్కడ వేయాలో లోపలి నుంచి సంకేతం రావాలి. మెట్టుమీద ఆ సంకేతం కంటికే కనిపిస్తుంది. లోపలి దారి మూసుకుపోతే మెదడు బయటి దారిని వాడుకుంటుందన్నమాట.

కన్నే కాదు, చెవి కూడా దారి చూపిస్తుంది. టిక్ టిక్‌మని లయగా చప్పుడు వినిపిస్తే కొందరి అడుగులు పెద్దవవుతాయి. పాట పెడితే ఇంకా హుషారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందం 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవారికి నాట్యతరగతులు నడుపుతోంది. తకధిమి తకఝణు అంటూ తాళంతోనే అడుగు నేర్పే కూచిపూడి ఉన్న ప్రాంతంవాళ్లకి ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. పద్యం ఎత్తుకుంటే ఊరు ఊరంతా కదిలొచ్చిన మైలవరం రాజావారి నాటక సమాజం రోజుల నుంచీ లయ బలం ఇక్కడివాళ్లకి తెలిసిందే.

అయితే ఏ గీత ఎవరికి పనిచేస్తుంది? ఎంత దూరానికి ఒకటి ఉండాలి? ఏ తాళం మంచిది? కొన్నాళ్లకి అలవాటైపోతే మళ్లీ బిగుసుకుపోతారా? తలుపు ఇరుకైతే మెదడుకి ఎందుకు అంత కంగారు? ఈ ప్రశ్నలకి డాక్టరుగారి పదినిమిషాల ఓపీలో జవాబు దొరకదు. నెలల తరబడి నడిపించి, కొలిచి, లెక్కలేయాలి.

తలుపు లెక్క తేల్చిన తెలుగువాడు

మద్రాసు ఐఐటీలో ఆచార్యులు వి.శ్రీనివాస చక్రవర్తి చేస్తున్నది ఇలాంటి లెక్కలే. అదే ఐఐటీలో బీటెక్ చదివారు. అమెరికాలోని ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆ తర్వాత హ్యూస్టన్‌లోని బేలర్ వైద్యకళాశాలలో మెదడు శాస్త్రంలో పోస్ట్‌డాక్ చేశారు. సర్క్యూట్లు, సమీకరణాలు తెలిసిన ఇంజినీరు వైద్యకళాశాలలో అడుగుపెట్టడం ఆ దశలోనే. తిరిగొచ్చాక ఆయన పరిశోధనలో పెద్దభాగం బేసల్ గాంగ్లియా చుట్టూనే తిరిగింది. పిల్లలకోసం, పెద్దలకోసం తెలుగులో సైన్సు రాయడం, అనువదించడం ఆయన ఇష్టంగా చేసే మరో పని.

ఆయన పద్ధతి ఇది. మెదడులోని ఆ భాగం ఎలా పనిచేస్తుందో గణితంలో రాస్తారు. దాన్ని కంప్యూటర్లో నడిపిస్తారు. అందులో డోపమిన్ సంకేతాన్ని తగ్గించి, ఏమవుతుందో చూస్తారు. నిజం రోగుల్లో కనిపించేదే కంప్యూటర్లోనూ కనిపిస్తే, లెక్క సరైన దారిలో ఉన్నట్టు. చక్రవర్తి బృందం ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి 2014లో ప్రచురించిన పత్రం అచ్చంగా మన తాతయ్య గడప గురించే. ఇరుకు తలుపుల్లోంచి వెళ్లేటప్పుడు పార్కిన్సన్స్ రోగుల నడక ఎందుకు మారిపోతుందో అందులో నమూనా కట్టి చూపించారు. తలుపు ఇరుకయ్యేకొద్దీ నడక నెమ్మదించడాన్ని డోపమిన్ సంకేతంతో ముడిపెట్టి వివరించారు.

చేతిరాత సంగతీ అంతే. ఈ జబ్బు ఉన్నవారు రాస్తూపోతుంటే అక్షరాలు క్రమంగా చీమతలకాయల్లా చిన్నవైపోతాయి. బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు వెనక్కి వచ్చాకే జబ్బు బయటపడిన సందర్భాలూ ఉంటాయి. చెయ్యి అక్షరాన్ని ఎలా గీస్తుందన్న నమూనాను చక్రవర్తి బృందం ముందు తయారుచేసింది. తర్వాత 2008లో, పార్కిన్సన్స్ రాత ఎందుకలా ముడుచుకుపోతుందో దానితోనే వివరించింది. భారతీయ భాషలన్నిటికీ సులువైన ఉమ్మడి లిపి ఒకటి ఉండాలంటూ ‘భారతి’ లిపిని రూపొందించింది కూడా ఈయనే. అక్షరం మీద ప్రేమ, మెదడు మీద ఆసక్తి రెండూ ఒకచోట కలిశాయి.

ముందు కన్ను... తర్వాత వేలు

హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో ఆచార్యులు సూరంపూడి బాపిరాజుది మరో దారి. అంతకుముందు చాలాకాలం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో పీహెచ్‌డీ చేశాక, ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో పోస్ట్‌డాక్ చేశారు. అక్కణ్నుంచి జపాన్‌లోని క్యోటో దగ్గరున్న ఏటీఆర్ పరిశోధనశాలకు వెళ్లారు. మనుషులు వరస కదలికలను ఎలా నేర్చుకుంటారన్నది అక్కడ పట్టుకున్న ప్రశ్న.

ఏటీఎంలో రహస్య సంఖ్య నొక్కడం గుర్తుతెచ్చుకోండి. సంఖ్య ఏంటని ఎవరైనా హఠాత్తుగా అడిగితే తడబడతాం. మీటలు కనిపిస్తే వేళ్లు వాటంతటవే నొక్కేస్తాయి. ఇంతకీ గుర్తుపెట్టుకున్నది ఎవరు? కన్నా, వేలా? 2000లో సహచరులతో కలిసి ప్రచురించిన ప్రయోగంలో బాపిరాజు మీటల పలకను తిప్పిపెట్టి ఈ రెంటినీ విడదీశారు. కంటికి కనిపించే వరసను మెదడు త్వరగా పట్టేస్తుంది. అది ఏ చేతికైనా పనికొస్తుంది. వేళ్ల కదలికగా మారడానికి మాత్రం ఎక్కువ సాధన కావాలి. అది ఆ చేతికే సొంతం. వీణ నేర్చుకునే పిల్లకీ, పక్షవాతం తర్వాత మళ్లీ చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకునే పెద్దాయనకీ ఈ సంగతి పనికొచ్చేదే.

చక్రవర్తి, బాపిరాజు కలిసి కూడా పనిచేశారు. బేసల్ గాంగ్లియా అసలు ఏం చేస్తుంది అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి 2010లో మరో సహచరుడితో కలిసి రాసిన పత్రం ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులకు మంచి మొదటిమెట్టు.

పెద్దచదువు తర్వాతి చదువు

ఇద్దరి కథలోనూ ఓ మాట వచ్చింది. పోస్ట్‌డాక్. పీహెచ్‌డీ అయ్యాక, సొంత ప్రయోగశాల పెట్టుకునేలోపు, ఓ పెద్ద శాస్త్రవేత్త దగ్గర రెండు మూడేళ్లు చేసే పరిశోధన ఉద్యోగమది. వైద్యుడికి హౌస్‌సర్జన్సీ, లాయరుకి సీనియరు దగ్గర జూనియర్‌గిరీ ఎలాగో ఇదలాగ. తేడా ఏంటంటే ఇక్కడ కొత్త ప్రశ్న వేసే స్వేచ్ఛ ఉంటుంది, కొత్త విద్య నేర్చుకునే అవకాశం ఉంటుంది. ఇంజినీరు ఆసుపత్రిలోకి, ఫిజియోథెరపిస్టు కంప్యూటర్ ముందుకి వచ్చేది ఎక్కువగా ఈ దశలోనే.

కదలికల ప్రయోగశాలలో ఆ ఉద్యోగికి తెల్లారితే ఏముంటుంది? రోగి వచ్చేలోపు కెమెరాలు సరిచూసుకోవాలి. ఎందుకు, ఏమిటి, ఎంతసేపు అన్నీ రోగికీ ఇంట్లోవాళ్లకీ అర్థమయ్యేలా చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. కొన్ని పరీక్షలు మందు వేసుకోకముందే చేయాలి. అంటే ఎదుటి మనిషి ఆ రోజు తన కష్టాన్ని పూర్తిగా భరిస్తూ మన ముందు నడుస్తున్నాడన్నమాట. పడిపోకుండా పక్కనే ఉండాలి. అలసిపోతే ఆపేయాలి. ఆయన వెళ్లాక అంకెలతో కుస్తీ. ప్రోగ్రామింగ్, గణాంకశాస్త్రం రాకపోతే ముందుకు కదలదు. ఓపిక లేకపోతే అసలే కదలదు.

మరి జీతం? ఇక్కడే చాలా ఇళ్లలో గొడవ. మనదేశంలో 2023లో సవరించిన లెక్కల ప్రకారం పరిశోధక విద్యార్థికి మొదట్లో నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే స్థాయిని బట్టి 58,000 నుంచి 67,000. దానికి ఇంటి అద్దె భత్యం అదనం. జాతీయ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ ఒకటుంది. సాధారణంగా 35 ఏళ్లలోపు వారికి, రెండేళ్లపాటు ఇస్తారు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు వయసులో అయిదేళ్ల సడలింపు ఉంది. అమెరికాలో జాతీయ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారం 2024లో మొదటి ఏడాది పోస్ట్‌డాక్‌కి ఏడాదికి 61,008 డాలర్లు. డాలర్లు చూసి మురిసిపోనక్కర్లేదు. అదే ఊళ్లో సాఫ్ట్‌వేర్ స్నేహితుడు అంతకు రెట్టింపు సంపాదిస్తుంటాడు.

‘‘నీతోపాటు చదివిన పిల్లలంతా ఇళ్లు కట్టుకున్నార్రా... ఇంకా చదువేనా?’’ అని తల్లి అడిగితే ముప్ఫైరెండేళ్ల కొడుకు ఏం చెబుతాడు? కూతురైతే ప్రశ్న ఇంకా ముందే మొదలవుతుంది. ఇరవయ్యారేళ్లు దాటిన దగ్గర్నుంచీ పెళ్లిమాటే. పైగా ఇది రెండేళ్ల ఒప్పందం. అయ్యాక ఏమిటన్నది ఎవరూ హామీ ఇవ్వరు. పోస్ట్‌డాక్ చేసిన అందరికీ ఆచార్యుల కొలువు దొరకదు. కొందరు వైద్యపరికరాల కంపెనీలకు, డేటా ఉద్యోగాలకు వెళ్లిపోతారు. ఇదంతా తెలిసే దిగాలి, ఇంట్లోవాళ్లకీ తెలియజెప్పే దిగాలి.

మైలవరం నుంచి దారుంది

అయినా ఈ దారి ఎక్కడో ఆకాశంలో లేదు. విజయవాడ నుంచి కొండపల్లి, జి.కొండూరు మీదుగా తిరువూరు వెళ్లే బస్సెక్కితే దారిలో వచ్చే ఊరు మైలవరం. అక్కడ 1998 నుంచి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్, మెకానికల్ చదివే పిల్లలు ఏటా వందల్లో బయటికొస్తున్నారు. సిగ్నల్ ప్రాసెసింగ్, కంట్రోల్ సిస్టమ్స్ అంటూ పరీక్షకోసం బట్టీపట్టే పాఠాలే నడక ప్రయోగశాలలో రోజూ వాడేవి. ప్రవేశపరీక్ష రాసి ఐఐటీల్లోనో, హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలోనో పరిశోధనతో కూడిన ఎంఎస్, ఆపై పీహెచ్‌డీ చేయొచ్చు. బెంగళూరులోని ఐఐఎస్‌సీలో మెదడు శాస్త్రానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. నిమ్‌హాన్స్ ఉండనే ఉంది. ఫిజియోథెరపీ, సైకాలజీ చదివినవారికీ తలుపులు తెరిచే ఉన్నాయి. లెక్కలంటే భయం మాత్రం పోవాలి.

ఇంకో మాట. పార్కిన్సన్స్ నడక మీద జరిగిన పరిశోధనల్లో పెద్దభాగం పాశ్చాత్యదేశాల్లోదే. అక్కడి ఇళ్లకు మన గడపలుండవు. బూట్లేసుకుని నడిచే నేలలు వేరు, వట్టికాళ్లతో నడిచే గచ్చు వేరు. కింద కూర్చుని లేవడం, పీట మీద భోజనం, చీరకుచ్చిళ్లతో నడక, పొలంగట్టు మీద అడుగు... వీటిని మన దగ్గరే కొలవాలి. కొలిచేది మనవాళ్లే కావాలి.

గడప ఎత్తు నాలుగంగుళాలే. దాన్ని దాటించడానికి ఏం కావాలో తెలిస్తే, ఆ ఇంట్లో తాతయ్య రేపు పొద్దున కాఫీగ్లాసుతో వరండాలోకి వస్తారు. గడప ముందు ఓ ముగ్గుగీత చాలు కొందరికి. అది కొందరికే ఎందుకు చాలుతుందో, మిగతావారికి ఏం కావాలో తేల్చాల్సిన మనిషి బహుశా ఈ పూట మైలవరం బస్టాండులో కాలేజీ బస్సు కోసం చూస్తూ ఉండొచ్చు. ‘ఇంకా చదువేనా’ అని అడిగేముందు ఒక్కక్షణం ఆ గడప వంక చూద్దాం!

ఇంట్లో ఇలా...

* వణుకు ఒక్కటే గుర్తు కాదు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, రాత చిన్నదైపోవడం, మాట మెల్లబడటం, ముఖంలో భావం తగ్గడం, వాసన తెలియకపోవడం కనిపిస్తే నరాల వైద్యుణ్ని కలవాలి. వణికే ప్రతి చెయ్యీ పార్కిన్సన్సూ కాదు.

* బిగుసుకుపోయినప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, తొందరపెట్టొద్దు. పడిపోతారు. ఒక్కక్షణం ఆగమనండి. బరువును అటూఇటూ మార్చమనండి. ‘ఒకటి, రెండు’ లెక్కపెడుతూ పెద్ద అడుగు వేయమనండి.

* తలుపుల దగ్గర, బాత్రూం ముందు నేలమీద రంగుటేపుతో అడ్డగీతలు అతికిస్తే కొందరికి పనికొస్తుంది. జారే పట్టాలు, కాళ్లకడ్డం పడే వైర్లు తీసేయండి.

* మందు వేళ తప్పకూడదు. పప్పు, గుడ్లు, మాంసం లాంటి మాంసకృత్తులు కొందరిలో ఎల్-డోపా ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మాత్రకీ భోజనానికీ ఎంత ఎడం ఉండాలో డాక్టర్ని అడగండి. ఉన్నట్టుండి మందు మానేయడం ప్రమాదకరం.

* మందులతో అదుపుతప్పిన కొందరికి మెదడులో సన్నని తీగ అమర్చి విద్యుత్ సంకేతాలిచ్చే శస్త్రచికిత్స ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1987లో బెనబిద్ బృందం దీనికి బాటవేసింది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ చికిత్స చేశారు. అందరికీ సరిపడదు. పరీక్షలు చేసి వైద్యులే తేల్చాలి.